దుబాయ్‌లో కారు లేకుండా బతకొచ్చా? మెట్రో మ్యాప్ కంటే ముందు నడవాల్సిన దారి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బిజినెస్ బేలో ఆఫీసు, భార్యతో, మూడేళ్ల పాపతో వస్తున్నారు. అద్దె తక్కువని ఇంటర్నేషనల్ సిటీలో ఇల్లు చూస్తున్నారు. మెట్రో ఉంది కదా, కారు కొనాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఎడారిలో ఇంత వేగంగా పెరిగిన టూరిస్టు ఊళ్లో పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ నిజంగా పనిచేస్తోందా, వచ్చిపోయేవాళ్లకి చూపించడానికి కట్టారా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: కారు లేకుండా బతకొచ్చు. నేను పదకొండేళ్లు అలాగే బతికాను, అందులో నాలుగేళ్లు పెళ్లయ్యాక, బాబు పుట్టాక. కానీ ఇంటర్నేషనల్ సిటీలో ఇల్లు తీసుకుని కారు వద్దనుకుంటే చాలా ఇబ్బంది పడతారు. ఈ రోజుకి అక్కడ మెట్రో లేదు. కడుతున్న బ్లూ లైన్ అక్కడికి వస్తుంది, దాని ప్రారంభానికి పెట్టుకున్న తేదీ 2029 సెప్టెంబర్ 9. రెండో ప్రశ్నకి జవాబు కాస్త పొడుగు. అది అర్థమైతే ఇల్లు ఎక్కడ తీసుకోవాలో మీకే తెలుస్తుంది కాబట్టి ముందు దాని గురించి రాస్తాను.

నేను 2006లో కరీంనగర్ నుంచి ఇక్కడికి వచ్చాను. రోడ్ల డిజైన్ చేసే కన్సల్టెన్సీల్లోనే ఇన్నేళ్లూ ఉద్యోగం. మెట్రో లేని దుబాయ్‌ని మూడేళ్లు చూశాను. అప్పుడు మా ఆఫీసుకి దగ్గరి బస్సు స్టాపు నుంచి తొమ్మిది వందల మీటర్లు నడవాలి. ఊళ్లో పొలం దాకా రోజూ అంతకంటే ఎక్కువ నడిచినవాణ్ని, ఇదెంత అనుకున్నాను. జూన్ రెండో వారానికి ఆఫీసు డ్రాయర్‌లో ఇంకో చొక్కా, తువ్వాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎండ ఒక్కటే అయితే మన రామగుండం, కొత్తగూడెం వాళ్లకి అలవాటే. ఇక్కడ సముద్రం పక్కనే ఉంది. ఆగస్టులో పొద్దున ఏడింటికే గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటుంది, చెమట ఆరదు. నీడ లేని రోడ్డు మీద పది నిమిషాలు నడిస్తే ఆ రోజు పని సగం అయిపోయినంత అలసట వస్తుంది. రైలు ఎంత బాగుందని అడిగేముందు రైలు దాకా ఎలా వెళ్తారని అడగాలని నాకు ఆ వేసవిలోనే తెలిసింది. ఈ ఊరి రవాణా గురించి ఎవరు అడిగినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ఊరి ఆకారం కూడా తెలియాలి. 1968 జనాభా లెక్కల్లో 60 వేలు కూడా లేని ఊరు ఇది. క్రీక్ అనే ఉప్పునీటి పాయకి ఒకవైపు డేరా, ఇంకోవైపు బర్ దుబాయ్. మధ్యలో అబ్రా, అంటే చెక్క పడవ. అదే ఈ ఊరి మొదటి ప్రజా రవాణా. ఇప్పటికీ ఒక దిర్హమ్ ఇస్తే అవతలి ఒడ్డుకి దింపుతారు. టూరిస్టులు ఫోటోలు తీసుకుంటుంటే పక్కనే కూరగాయల సంచితో, టిఫిన్ బాక్సుతో పనికెళ్లేవాళ్లు కూర్చుని ఉంటారు. వీలైతే వచ్చిన మొదటి శుక్రవారం సాయంత్రం పాపని ఎక్కించండి.

ఆ పాత ఊళ్లో నడక కష్టం కాదు. అల్ ఫహీదీ వైపు వెళ్తే చూస్తారు, ఇళ్ల మధ్య సిక్కాలు అనే సన్నటి సందులు ఉంటాయి. ఎదురెదురు గోడల నీడ ఒకదాని మీద ఒకటి పడుతుంది, క్రీక్ గాలి ఆ సందుల్లోంచి దూసుకొస్తుంది. ఇళ్ల మీద గాలిని కిందికి దింపే బుర్జులు. కరెంటు లేని కాలంలో ఈ ఎండలో ఎలా తిరగాలో తెలిసిన మనుషులు కట్టుకున్న ఊరు అది. 1960లో జాన్ హారిస్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ మొదటి మాస్టర్ ప్లాన్ గీశారు. 1963లో క్రీక్ మీద మక్తూమ్ బ్రిడ్జి, 1975లో నీటి కింద షిందగా టన్నెల్ వచ్చాయి. అక్కడి నుంచి ఊరు కారు వేగంతో పెరగడం మొదలుపెట్టింది. 1979లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టినప్పుడు దాని చుట్టూ దాదాపు ఇసుకే. ఇవాళ ఆ భవనం పక్క నుంచే షేక్ జాయెద్ రోడ్డు అబుదాబి వైపు సాగుతుంది. చాలా చోట్ల రెండు వైపులా కలిపి పన్నెండు వరుసలు.

2002లో విదేశీయులు కూడా కొన్ని ప్రాంతాల్లో ఇళ్లు సొంతానికి కొనుక్కోవచ్చని అనుమతి ఇచ్చారు. నా లెక్కలో ఈ ఊరి ఆకారాన్ని మార్చిన ఏడాది అదే. ఒక్కో డెవలపర్‌కి ఒక్కో పెద్ద ముక్క భూమి, అందులో విల్లాలు, చెరువు, మాల్, చుట్టూ గోడ, బయటికి రెండు గేట్లు, గేటు దాటితే హైవే. పక్క కమ్యూనిటీ గోడ కనిపిస్తుంటుంది, నడిచి మాత్రం వెళ్లలేరు. ఇలాంటి ముక్కల్ని ఎడారి నిండా పరిచాక వాటిని బస్సుతో కలపడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. నేను డిజైన్ చేసిన రోడ్లలో కొన్ని అలాంటి గేట్ల దాకా వెళ్లి ఆగినవే. ఫుట్‌పాత్ గీత గేటు దగ్గర ఆగిపోతే, తర్వాత మనిషి ఎటు పోవాలని మీటింగులో అడిగినవాళ్లు అప్పట్లో తక్కువ. నేనూ గట్టిగా అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

2005లో ఆర్‌టీఏ ఏర్పడింది. రోడ్లు, బస్సులు, టాక్సీలు, మెట్రో, పార్కింగ్ అన్నీ చూసే రవాణా సంస్థ ఇది. అన్నీ ఒకే గొడుగు కింద ఉండటం ఎంత పెద్ద లాభమో మన ఊళ్లలో పనిచేసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. 2007 జులైలో సాలిక్ అనే టోల్ పెట్టారు, గేటు దాటితే నాలుగు దిర్హమ్‌లు. అప్పుడు మేమంతా తిట్టుకున్నాం. రైలు ఇంకా రాలేదు, బస్సు సరిగ్గా లేదు, మరి కారు వదిలి దేంట్లో వెళ్లాలి? నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ముందు దారి చూపించి తర్వాత ధర పెట్టాలి. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో ఆరు దిర్హమ్‌లు చేశారు, దానికి మాత్రం నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇప్పుడు చాలామందికి వేరే దారి ఉంది.

మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. రెడ్ లైన్ 52 కిలోమీటర్లు, అనుకున్న 29 స్టేషన్లలో మొదటి రోజు తెరిచింది పదే. మొదట వేసిన ఖర్చు అంచనా 1,550 కోట్ల దిర్హమ్‌లు, చివరికి అది దాదాపు 2,800 కోట్లకి చేరింది. సరిగ్గా రెండేళ్లకి, 2011 సెప్టెంబర్ 9న, గ్రీన్ లైన్ వచ్చింది. డ్రైవర్ లేని రైళ్లు. స్టేషన్ల పైకప్పులు ముత్యపు చిప్ప ఆకారంలో ఉంటాయి, చమురుకి ముందు ఈ తీరం ముత్యాల మీదే బతికింది. ఒక కోచ్‌లో ఆడవాళ్లకి, పిల్లలకి వేరే భాగం, ఇంకోదాంట్లో గోల్డ్ క్లాస్.

రెడ్ లైన్ ఎందుకు ఆ హైవే పక్కనే వెళ్లింది? భూమి ప్రభుత్వం చేతిలో ఉంది, తవ్వే పని తక్కువ, టవర్లు అన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. డేరా, బర్ దుబాయ్ దగ్గర భూమి లోపలికి దిగి, మిగతా దూరమంతా దాదాపు స్తంభాల మీదే వెళ్తుంది. ఇంజనీరుగా ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఇరుకు రోడ్డున్న బస్తీ మధ్యలోంచి వయాడక్ట్, అంటే స్తంభాల మీది రైలు వంతెన, వేస్తే ఎన్ని ఇళ్లు పోతాయో, ఎన్ని కోర్టు కేసులు పడతాయో హైదరాబాద్‌లో చూశాం. కానీ హైవే పక్కన స్టేషన్ పెడితే ఒక చిక్కు ఉంది. స్టేషన్ చుట్టూ ఉన్న స్థలంలో సగం రోడ్డుకే పోతుంది, అక్కడ ఎవరూ నివసించరు. రోడ్డు అవతలి వైపు చేరడానికి వంతెన కావాలి. అందుకే ఇక్కడ దాదాపు ప్రతి స్టేషన్‌కీ ఏసీ ఉన్న గాజు వంతెన రోడ్డు దాటుతుంది, చాలా చోట్ల నడిచే బెల్టులు కూడా ఉంటాయి. మొదటిసారి చూసేవాళ్లకి అది ఆడంబరంగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ మెట్రోలో అన్నిటికంటే తెలివైన పని ఆ వంతెనే. అది లేకపోతే రైలు ఖాళీగా తిరిగేది.

దీనికి మంచి ఉదాహరణ దుబాయ్ మాల్. బుర్జ్ ఖలీఫా టవర్‌తో పాటే 2010 జనవరిలో అక్కడి స్టేషన్ తెరిచారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన భవనం, పెద్ద మాల్, రోజూ లక్షలమంది. కానీ స్టేషన్ నుంచి మాల్ దాకా దాదాపు 820 మీటర్లు. దాదాపు మూడేళ్లపాటు జనం ఫీడర్ బస్సు, అంటే స్టేషన్‌కీ చుట్టుపక్కల చోట్లకీ మధ్య తిరిగే బస్సు, కోసం క్యూలో నిలబడ్డారు, లేదంటే పిల్లల్ని ఎత్తుకుని ఎండలో నడిచారు. 2012 చివర్లో బెల్టులతో ఏసీ వంతెన వచ్చాక ఆ స్టేషన్ ఎంత నిండిపోయిందంటే, ఇప్పుడు దాన్నే పెంచాల్సి వస్తోంది. డిసెంబర్ 31 రాత్రి రద్దీకి భయపడి సాయంత్రం అయిదింటికే దాన్ని మూసేస్తుంటారు. రైలు అదే, స్టేషన్ అదే. మారింది మధ్యలోని 820 మీటర్లు మాత్రమే.

దీనికి వ్యతిరేక ఉదాహరణ పామ్ దీవి మీద మోనోరైల్. మెట్రో కంటే ముందే, 2009 ఏప్రిల్‌లో మొదలైంది. చివర్లో ఉన్న పెద్ద హోటల్ దాకా అయిదున్నర కిలోమీటర్లు, సముద్రం మీద అందమైన ప్రయాణం. కానీ మెట్రోతో నేరుగా కలవదు. 2014 నవంబర్‌లో మరీనా వైపు ట్రామ్ వచ్చాక కూడా ట్రామ్ దిగి కొంత నడిచే అటు వెళ్లాలి. దాన్ని రోజూ పనికి వాడేవాళ్లని నేను చాలా తక్కువమందిని చూశాను. టూరిస్టు కోసమే కట్టిన రవాణా ఎలా ఉంటుందని మీరు అడిగితే దాన్నే చూపిస్తాను.

మెట్రో మాత్రం అలా కాదు, ఇది గట్టిగా చెప్తాను. 2024లో 1.87 కోట్లమంది టూరిస్టులు ఈ ఊరికి వచ్చి రాత్రి బస చేశారు. అదే ఏడాది మెట్రోలో 27.5 కోట్ల ప్రయాణాలు, బస్సుల్లో 18.8 కోట్ల ప్రయాణాలు జరిగాయి. పొద్దున ఏడున్నరకి యూనియన్ స్టేషన్‌లో నిలబడండి, ఎవరు ఎక్కుతున్నారో కనిపిస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్లు, సేల్స్ వాళ్లు, హోటల్ యూనిఫామ్‌లో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, మెడలో ఐడీ కార్డుతో మన తెలుగు, తమిళ, మలయాళ పిల్లలు. టూరిస్టులు పదిన్నర తర్వాత వస్తారు. ఆర్‌టీఏ లెక్క ప్రకారం ఊళ్లోని ప్రయాణాల్లో ప్రజా రవాణా, షేర్డ్ వాహనాల వాటా 2006లో 6 శాతం, 2024లో 21.6 శాతం. నేను వచ్చిన ఏడాది నుంచి ఇప్పటిదాకా కళ్లారా చూసిన మార్పు అది. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, ఎండ భయంకరం, అయినా అయిదో వంతు దాటింది. దీన్ని ఊరికే షో అనేవాళ్లు ఆ రద్దీలో ఎక్కి ఉండరు.

టూరిజం వల్ల లాభం కూడా జరిగింది. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 3 మొదటి రోజు తెరిచిన పది స్టేషన్లలోనే ఉంది. రాత్రి దాకా రైళ్లు నడవాలని, బోర్డులు తేలిగ్గా అర్థం కావాలని, స్టేషన్లు శుభ్రంగా ఉండాలని పట్టుబట్టడానికి టూరిస్టులు ఒక కారణం. ఆ సుఖం ఊళ్లోవాళ్లకీ దక్కింది. ఊరి డబ్బు బయటివాళ్ల మీద ఆధారపడినప్పుడు వాళ్లకోసం చేసినది ఇక్కడివాళ్లకి పనికొచ్చేలా చేయడం పెద్ద విషయమే.

మరి అందనివాళ్లు ఎవరు? ఇది నాకు దగ్గరి విషయం.

మా చిన్నాన్న కొడుకు జగిత్యాల దగ్గరి పల్లె నుంచి షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే కాంక్రీటు పోసే చెక్క అచ్చులు బిగించే పనికి, వచ్చాడు. సోనాపూర్ క్యాంపులో ఉండేవాడు. మ్యాపులో దాని పేరు ముహైస్నా 2, కానీ తెలుగువాళ్లకి, హిందీవాళ్లకి అది సోనాపూరే. నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల నుంచి వచ్చినవాళ్లతో నిండిన గదులు. పొద్దున నాలుగున్నరకి కంపెనీ బస్సు. సైటు ఊరికి ఆ చివర ఉంటే గంటన్నర అటు, గంటన్నర ఇటు. వాడి కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఆ బస్సులో ఏసీ లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని చేయించకూడదని చట్టం ఉంది, అది మంచి చట్టం. కానీ ఆ మూడు గంటల బస్సు ప్రయాణాన్ని ఏ చట్టమూ లెక్కపెట్టలేదు. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో వాడు ఒకసారి, ‘అన్నా, కట్టుడైతే కడుతున్నం, ఎక్కుడు ఎన్నడో’ అన్నాడు. ప్రారంభమైన కొన్ని వారాలకి ఒక శుక్రవారం మధ్యాహ్నం యూనియన్‌లో ఎక్కించి మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ దాకా తీసుకెళ్లాను. ముందు కోచ్‌లో డ్రైవర్ ఉండడు కాబట్టి అద్దం దగ్గర నిలబడొచ్చు. దారి పొడవునా వాడు తాను పనిచేసిన బిల్డింగులు చూపించాడు. ఒక్కోదాంట్లో ఎన్నో అంతస్తు దాకా తన చేతి షట్టరింగ్ ఉందో చెప్పాడు. 2014లో వెనక్కి వెళ్లిపోయాడు, ఇప్పుడు ఊళ్లో వ్యవసాయం చేస్తున్నాడు.

సోనాపూర్‌కి, అల్ కూజ్‌లో క్యాంపులకి ఇప్పుడు సిటీ బస్సులు బాగా పెరిగాయి. సెలవు రోజున బయటికి రావడం అప్పటికంటే చాలా సులువు. అందుకే ఎవరైనా దుబాయ్ రవాణా అంటూ మెట్రో గురించి మాత్రమే మాట్లాడితే నాకు అసంతృప్తిగా ఉంటుంది. ఈ ఊరిని కట్టినవాళ్లని, ఊడ్చేవాళ్లని, వండిపెట్టేవాళ్లని మోసేది బస్సు. బస్సు స్టాపుల్లో ఏసీ గదులు పెట్టడం ఈ ఊరు చేసిన గొప్ప పని, నిజంగా గొప్ప పని. కానీ అన్ని స్టాపులకీ అవి లేవు. చాలాచోట్ల ఒక స్తంభం, ఒక బోర్డు, దాని సన్నటి నీడలో వరుసగా ఒకరి వెనక ఒకరు నిలబడ్డ మనుషులు. నాకే అధికారం ఉంటే కొత్త లైను ఒక కిలోమీటరు తగ్గించి అయినా ఆ స్టాపులన్నిటికీ నీడ వేస్తాను.

ఇక ముందు ఏం వస్తోంది? ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన కోసం రెడ్ లైన్‌కి 15 కిలోమీటర్ల పొడిగింపు కట్టారు, 2021 జనవరి నుంచి నడుస్తోంది. డిస్కవరీ గార్డెన్స్, అల్ ఫుర్జాన్ లాంటి మధ్యతరగతి వాళ్లుండే చోట్లకి దానివల్లే రైలు వచ్చింది. 2021 మార్చిలో ప్రకటించిన 2040 మాస్టర్ ప్లాన్ ప్రకారం అప్పటికి జనాభా 58 లక్షలు అవుతుంది, అందులో 55 శాతం మంది ప్రధాన రవాణా స్టేషన్లకి 800 మీటర్ల లోపు ఉండాలి. మంచి లక్ష్యం. నాకున్న ఒకే భయం, ఆ 800 మీటర్లని ఎలా కొలుస్తారన్నది. మ్యాపు మీద స్టేషన్ చుట్టూ వృత్తం గీస్తే లోపల వేల ఇళ్లు వస్తాయి. మధ్యలో గోడ, హైవే ర్యాంపు, ఖాళీ ప్లాటు ఉంటే నడవాల్సిన దూరం ఒకటిన్నర కిలోమీటరు అవుతుంది. 2024 డిసెంబర్‌లో ప్రకటించిన దుబాయ్ వాక్ ప్లాన్‌లో 6,500 కిలోమీటర్ల నడక దారులు, వంతెనలు, అండర్‌పాసులు కలిపి 110 ఉన్నాయి. రోడ్ల మనిషినే అయినా, ఇరవై ఏళ్లలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన ప్రకటన అది.

బ్లూ లైన్ 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు, కాంట్రాక్టు విలువ 2,050 కోట్ల దిర్హమ్‌లు. సగానికి పైగా భూమి కిందే వెళ్తుంది. ఫెస్టివల్ సిటీ, క్రీక్ హార్బర్, ఇంటర్నేషనల్ సిటీ, సిలికాన్ ఒయాసిస్, అకడమిక్ సిటీ, మిర్దిఫ్ వైపు. ఆ పేర్లలో టూరిస్టు చోట్లు ఒకటో రెండో, మిగతావన్నీ జనం అద్దెకుండే, పిల్లలు చదువుకునే ప్రాంతాలు. హైవే వెంట కాకుండా ఇళ్ల మధ్యకి వెళ్తున్న లైను ఇది. పదేళ్లు ముందు వచ్చి ఉంటే ఇంటర్నేషనల్ సిటీ రోడ్ల మీద పొద్దున్నే అంత నరకం ఉండేది కాదు.

వానల గురించి ఒక్క మాట, ఇల్లు చూసేటప్పుడు పనికొస్తుంది. 2024 ఏప్రిల్ 16న 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత వాన పడింది. రెడ్ లైన్‌లో కొన్ని స్టేషన్లు వారాల తరబడి మూతపడ్డాయి. ఆ తర్వాత మూడు వేల కోట్ల దిర్హమ్‌లతో వాననీటి కాలువల పథకం ప్రకటించారు, అది 2033 దాకా సాగుతుంది. కింది అంతస్తు ఇల్లు, బేస్‌మెంట్ పార్కింగ్ చూస్తే ఆ రోజు అక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాచ్‌మన్‌ని అడగండి. ఏజెంట్‌ని అడిగి లాభం లేదు.

ఇప్పుడు మీ సంగతి. బిజినెస్ బే అనగానే స్టేషన్ పక్కనే ఆఫీసు అనుకోవద్దు. ఆ పేరుతో ఉన్న ప్రాంతం చాలా పెద్దది. కొన్ని టవర్లు స్టేషన్‌కి అయిదు నిమిషాలు, కొన్ని కాలువ వైపు కిలోమీటరున్నర దూరం. మీ టవర్ రెండో రకం అయితే అటు ఫీడర్ బస్సు ఉందా, ఎన్ని నిమిషాలకొకటి అని ముందే చూసుకోండి. ఫీడర్ బస్సుల నంబర్లు ఎఫ్‌తో మొదలవుతాయి. ఒక వాహనం దిగిన అరగంట లోపు ఇంకోటి ఎక్కితే ఒకే ప్రయాణం కింద లెక్క, కాబట్టి బస్సుకి వేరే డబ్బు పోదు. ట్యాప్ చేయడం మాత్రం మర్చిపోకండి, బస్సుల్లో నగదు తీసుకోరు, ముందే డబ్బు వేసుకునే నోల్ అనే ప్రయాణ కార్డే.

ఛార్జీ జోన్లని బట్టి ఉంటుంది. సిల్వర్ అనే మామూలు నోల్ కార్డుతో ఒక జోన్ లోపల 3 దిర్హమ్‌లు, పక్క జోన్‌కి 5, అంతకు మించితే 7.50. నెల పాసు అన్ని జోన్లకీ 350. ఇంటి అద్దెలో నెలకి వెయ్యి దిర్హమ్‌లు ఎక్కువైనా స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకుంటే మీకే లాభం. కారు ఈఎంఐ, ఇన్సూరెన్స్, సాలిక్, పార్కింగ్ కలిపి లెక్కేయండి, ఆ వెయ్యి చిన్నదే. దానికి ముందు లైసెన్సు. మన ఇండియా లైసెన్సు ఉన్నా ఇక్కడ డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్లి పరీక్ష పాస్ కావాలి. వేల దిర్హమ్‌లు, నెలల సమయం పడుతుంది. కారు కొనకపోయినా లైసెన్సు మాత్రం మొదటి చలికాలంలోనే తీసుకోండి, పాపతో ఉన్నవాళ్లకి అత్యవసరంలో పనికొస్తుంది.

ఎక్కడ వెతకాలి? కరామా, బర్ దుబాయ్ వైపు అయితే బుర్జుమాన్ స్టేషన్ నడకలో ఉంటుంది, రెడ్ లైన్‌లో నేరుగా బిజినెస్ బే. ఇళ్లు పాతవి, పార్కింగ్ కష్టం, కానీ మీకు కారు లేదు కదా. కిందికి దిగితే కూరగాయలు, ఇడ్లీ, మందుల షాపు అన్నీ ఉంటాయి. భవనాలు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఫుట్‌పాత్ మీద నీడ ఉంటుంది, పాపతో సాయంత్రం బయటికి రావచ్చు. నా ఓటు దానికే. కొత్త ఇల్లు, కాస్త చెట్లు కావాలంటే డిస్కవరీ గార్డెన్స్. ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది. జెబెల్ అలీ దగ్గర లైను రెండుగా చీలుతుంది కాబట్టి ఎక్స్‌పో వైపు వెళ్లే రైలేనా అని చూసి ఎక్కాలి. అల్ నహ్దా, కుసైస్ అద్దె తక్కువ, గ్రీన్ లైన్ ఉంది, యూనియన్‌లో మారాలి. పొద్దున ఆ మారే చోట తోపులాట బాగా ఉంటుంది, మీ ఒక్కరికైతే పర్వాలేదు. షార్జాలో అద్దె ఇంకా తక్కువని స్నేహితులు చెప్తారు. రోజూ ఆ ఇత్తిహాద్ రోడ్డు దాటే టెన్షన్ మీకు వద్దు.

పాప అయిదేళ్ల లోపు కాబట్టి టికెట్ అవసరం లేదు, స్ట్రోలర్ ఎక్కించొచ్చు, అన్ని స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. లోపల తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు, జరిమానా వేస్తారు, పాపకి ఎక్కేముందే తాగించండి. ఆదివారం రైళ్లు ఎనిమిదింటికి మొదలవుతాయి, ఎయిర్‌పోర్ట్‌కి పొద్దున్నే వెళ్లాల్సి ఉంటే టాక్సీయే. ప్రైవేటుగా తిరిగే కార్‌లిఫ్ట్‌లు, అంటే డబ్బు తీసుకుని తమ కారులో ఎక్కించుకునేవి, చవకగా వస్తాయి, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపిస్తాయి. లైసెన్సు లేనివి చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఉండదు, ఎక్కకండి. స్టేషన్ల పేర్లు స్పాన్సర్లని బట్టి మారుతుంటాయి. పాతవాళ్లు రషీదియా అంటే మ్యాపులో సెంటర్‌పాయింట్ అని ఉంటుంది, కంగారు పడకండి.

ఇల్లు ఖాయం చేసేముందు ఒక పని చేయండి. మీరు నవంబర్‌లో దిగుతున్నారు, అప్పుడు వాతావరణం చాలా హాయిగా ఉంటుంది, ఏ ఇల్లు చూసినా స్టేషన్ దగ్గరే అనిపిస్తుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి, ఇంటి గుమ్మం నుంచి స్టేషన్ గేటు దాకా వాచీ చూసుకుంటూ నడవండి. ఆ దారిలో నీడ లేకుండా ఎన్ని నిమిషాలు ఉన్నాయో రాసుకోండి. నా అనుభవంలో ఆరు నిమిషాల దాకా అయితే ఆగస్టులో కూడా తట్టుకోవచ్చు. పది దాటితే జూన్ నుంచి రోజూ టాక్సీ పిలుస్తారు, సెప్టెంబర్‌కి కారు కొంటారు. మీ భార్య కూడా స్ట్రోలర్‌తో ఒకసారి నడిచి చూడాలి, ఎందుకంటే పగలంతా ఆ దారి ఆవిడదే.

మీ ఆఫీసు టవర్ పేరు, అది షేక్ జాయెద్ రోడ్డు వైపు ఉందా, కాలువ వైపా అన్నది రాయండి. స్టేషన్ నుంచి ఏ దారిలో వెళ్లాలో, ఏ ఫీడర్ బస్సు వస్తుందో చూసి చెప్తాను.